న్యూగేటు చెరసాలలో ఎలిజబెత్తు ఫ్రై

మత్తయి 25వ అధ్యాయమును మన సంఘములలో ఎన్నిసార్లో చదివితిమి. ఆకలిగొన్నవానికి అన్నము పెట్టుదుము, రోగిని చూడబోవుదుము. చెరసాల మాట వచ్చుసరికి మాత్రము మన కాళ్లు వెనుకాడును. ఆ వాకిలి దాటిన ఒక తల్లిని గూర్చి ఈ నెల చెప్పుకొందము.

ఎలిజబెత్తు ఫ్రై 1780లో ఇంగ్లండులోని నార్విచ్ పట్టణమున, క్వేకరులైన గర్నీ కుటుంబములో పుట్టెను. 1800లో వివాహమై లండను చేరెను. ఆమెకు పదునొకండుగురు బిడ్డలు.

1813లో స్టీఫెన్ గ్రెల్లెట్ అను బోధకుడు న్యూగేటు చెరసాలలో స్త్రీల దుస్థితిని కన్నులార చూచి ఆమెకు తెలియజేసెను. ఆమె పసిబిడ్డలకు బట్టలు కుట్టించుకొని అక్కడికి వెళ్లెను. ఇంచుమించు 300 మంది స్త్రీలు తమ పిల్లలతో నాలుగు గదులలో క్రిక్కిరిసి యుండిరి. శిక్షపడినవారును, విచారణ కానివారును ఒక్కచోటనే. వంట, ఉతుకు, నిద్ర అన్నియు ఆ నేలమీదనే. కప్పుకొన దుప్పటి లేదు గాని, డబ్బున్నచో సారా దొరకుచుండెను. జుట్టు పట్టుకొని కొట్టుకొనుట అక్కడ నిత్యకృత్యము. చెరసాల అధికారియే లోనికి పోవుటకు జంకుచుండెను.

వారు పుట్టుకతోనే క్రూరులని అప్పటి పెద్దలు తలంచిరి. మాకట్లు తోచదు. ఇరుకు దొడ్డిలో పట్టనన్ని పశువులను కట్టి గడ్డి తక్కువ వేసినచో, సాధువైన ఆవు కూడ పొడువదా?

ఇంటి కష్టములవలన, 1815లో పసి కుమార్తె మరణమువలన, ఆమె మరల వెళ్లుట 1816 చివరనే. ఈసారి ఆమె బోధతో మొదలుపెట్టలేదు. మీ పిల్లలకు చదువు చెప్పింతమా అని తల్లులనే అడిగెను. వారు కన్నీళ్లతో ఒప్పుకొనిరి. గడియారము దొంగిలించిన మేరీ కానర్ అను ఖైదీని తమలోనుండి పంతులమ్మగా ఎన్నుకొనిరి. 1817 ఏప్రిలులో ఫ్రైయమ్మయు కొందరు స్త్రీలును ఒక సమాజముగా ఏర్పడి, ఖైదీలకు కుట్టుపని తెచ్చిరి. నియమములు పెట్టిరి గాని ఒక్కొక్కటి చదివి, ఇష్టమైనవారు చెయ్యెత్తుడనిరి. అందరును ఎత్తిరి. కొలది వారములలో కొట్లాటలు, బూతులు, జూదము తగ్గెను. నగర పెద్దలు వచ్చి చూచి ఆశ్చర్యపడిరి.

మరియొక సంగతి. ఆస్ట్రేలియాకు పంపబడు స్త్రీలు బయలుదేరు ముందు రాత్రి కిటికీలు, సామానులు పగులగొట్టుట ఆనవాయితీ. తెల్లవారిన తరువాత సంకెళ్లతో, తెరచిన బండ్లలో, గుంపుల ఎగతాళి నడుమ పోవలెను గదా! 1818లో ఆమె అధికారిని బ్రతిమాలి మూసిన బండ్లు తెప్పించి, తానును వారి వెంట పోయెను. ఆ రాత్రి అల్లరి జరుగలేదు.

1823 నాటి చట్టము స్త్రీ ఖైదీలకు స్త్రీలే కావలియుండవలెనని విధించెను. తరువాత ఖైదీలను ఒంటరి గదులలో మూయు పద్ధతి వచ్చినప్పుడు, అది మనస్సును చెరచునని ఆమె ఎదిరించెను. 1845లో రామ్స్‌గేటులో మరణించెను.

ఓడ ఎక్కు ప్రతి స్త్రీకి ఆమె సమాజమువారు సూదులు, దారము, గుడ్డముక్కలు ఇచ్చుచుండిరి. 1841లో రాజా అను ఓడలో ఖైదీ స్త్రీలు రెండువేలకు పైగా ముక్కలతో కుట్టిన బొంత ఇప్పటికిని ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో భద్రముగా ఉన్నది.