రాఘవ నోట హిరణ్యకశిపుడు

బళ్ళారి రాఘవ అసలు పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న పుట్టారు. మన బళ్ళారిలో ప్లీడరు. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులవారూ ప్లీడరే, 1886లో ఇక్కడ సరస వినోదిని సభ పెట్టిన నాటకకర్త. అంటే పగలు కోర్టు, రాత్రి రంగస్థలం. రెండు చోట్లా మాటే బతుకుతెరువు, మాటే పిచ్చి.

ఆ రోజుల్లో నటుడంటే పద్యం అందుకుని రాగం తీయాల్సిందే. వన్స్‌మోర్ అంటే చచ్చిన పాత్ర కూడా లేచి పాడేది! రాఘవ ఆ దారిన పోలేదు. కోపమొస్తే మనిషికి ఊపిరి తెగుతుంది, దిగులైతే గొంతు పూడుకుపోతుంది. ఆయన మాటను అలాగే పలికారు. ఆడవేషం ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టింది కూడా అందుకేనేమో అనిపిస్తుంది నాకు.

ధ్వనుల పాఠంలో మనం చదివాం కదా, మాటంటే ఊపిరితిత్తుల గాలి, నాదతంత్రులు, నాలుక కదలిక అని. అన్నీ ఒంటి పనులే. మరి మాట మనదా, ఒంటిదా? నాకు వెంటనే రాఘవ వేసిన హిరణ్యకశిపుడు గుర్తొస్తాడు. చండామార్కులు ఆ పిల్లాడి నాలుకకు ఎంత తర్ఫీదిచ్చినా హరి అనే అన్నాడు. ఏనుగులు, పాములు, నిప్పు, విషం... ఒంటిని ఎంత హింసించినా మాట మారలేదు. అయితే ఆ మాట స్వేచ్ఛదే అందామా? కడుపులో ఉండగానే నారదుడి బోధ విన్నవాడాయె! తండ్రి సంగతీ అంతే. శాపం తగిలిన వైకుంఠ ద్వారపాలకుడు, హరిని తిట్టడం కూడా ముందే రాసిపెట్టి ఉంది. ఇక వేషగాడికి ప్రతి మాటా నాటకకర్త రాసిచ్చిందే.

ఇన్ని కట్లున్నా, ఏ మాట దగ్గర ఆగాలి, దేన్ని గొణగాలి, దేనికి గర్జించాలి అన్నది మాత్రం రాఘవ చేతిలోనే ఉంది. స్వేచ్ఛ ఆ కాస్త చోటులోనే ఉందని నా నమ్మకం. భక్తులైతే అదీ దేవుడిచ్చిందే అంటారు. మా అవ్వ కచ్చితంగా అంటుంది.

ఆయన 1946 ఏప్రిల్ 16న పోయారు. రైతుబిడ్డ (1939) లాంటి రెండు మూడు సినిమాల్లో కనిపిస్తారు. ధర్మవరంవారి ప్రహ్లాద నాటకమే తొలి తెలుగు టాకీ అయింది. అందులో హిరణ్యకశిపుడు మాత్రం రాఘవ కాదు, మునిపల్లె సుబ్బయ్య.