బెల్ దొర సన్నగుండు

తుపాకి గొట్టము ఎంత లావైన వేట అంత సులువని నమ్మువారికి వాల్టర్ బెల్ జీవితము వింతగా తోచును. 1880లో ఎడింబరో సమీపమున జన్మించిన ఈ స్కాట్లండు దొర బాల్యముననే తల్లిదండ్రులను గోల్పోయెను. ఆఫ్రికాలో వేయికి పైగా ఏనుగులను కూల్చి ‘కరమోజో బెల్’ అని పేరొందెను. ఆ లెక్క నేడు మనకు రుచింపదు. నేర్పు మాత్రము గమనింపదగినది. ఏనుగు తలను ఱంపముతో కోసి, మెదడు ఎచ్చట నుండునో తెలిసికొని, పెక్కింటిని 7 మిల్లీమీటర్ల రైఫిలుతోనే పడగొట్టెను.

తరువాతి కాలమున స్వదేశపు ఉత్తరపు కొండలకు చేరెను. అచ్చట ఎప్పుడును వాన, పొగమంచు, బురద. గాయపడిన దుప్పి లోయలోనికి పరుగిడినచో నెత్తుటి జాడను వాన కడిగివేయును. వేటగాడు వెదకి పట్టలేడు, మృగము గంటల తరబడి వేదనపడును. కావున నిలిచిన చోటనే కూల్చవలెను. అట్టి చోట ఎఱ్ఱదుప్పుల వేటకు బెల్ చేపట్టినది 1935లో వెలువడిన .220 స్విఫ్టు. గుండు బరువు ఇంచుమించు మూడు గ్రాములే. వేగము సెకనుకు 4,000 అడుగులకు పైమాట. ఆయన గుఱికి అది చెల్లెను. అందఱి గుఱియు అట్టిది కాదు గదా! 1985లో స్కాట్లండున ఎఱ్ఱదుప్పికి ఆఱున్నర గ్రాములకు తక్కువ గుండు వాడరాదని శాసనమయ్యెను. 2023లో ఆ హద్దు కొంత సడలినను బెల్ గుండు అందులో ఇమడదు. ఆయన ఆ శాసనమును చూడలేదు, 1954లోనే కన్నుమూసెను.