శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్ – శిశువిద్య

మన మహాసభా సంచికలలో విద్యాదాతల చరిత్రములు ప్రకటించుట వాడుక. వారిలో పెక్కురు ఉన్నత పాఠశాలలకును వసతిగృహములకును ధనమొసగిన పుణ్యాత్ములు. బడియీడు రాని పసివాండ్రకై ప్రజాధనమును రాబట్టిన యొక తెలుగు మహిళ చరిత్రమును ఈ యేడు సభ్యులకును పోషకులకును నివేదించుచున్నాను.

దుర్గాబాయి 1909 జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. ఎనిమిదవ యేట వివాహమయ్యెను. యుక్తవయస్సు వచ్చిన పిదప నామె యా బంధమును విడనాడెను. ఆంగ్లమే బోధనాభాష యగుట సహింపక చిన్ననాడే బడి మాని, తానే బాలికలకు హిందీ పాఠశాల నెలకొల్పెను. (మూడేండ్లు నిండని బిడ్డలను తెల్లవారకమునుపే ఆంగ్లపు బడుల బండ్ల నెక్కించు మనవారీ వాక్యమును మఱియొకసారి చదువుదురు గాక.) 1923లో కాకినాడ కాంగ్రెసునాడు టిక్కెట్టు లేదని నెహ్రూను ప్రదర్శనశాల వాకిట నాపిన కథ జగద్విదితము. ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకేగి, తిరిగివచ్చిన వెనుక మెట్రిక్యులేషను మొదలుకొని చదివి, 1942లో న్యాయశాస్త్ర పట్టమును బడసెను. 1937లో మద్రాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించెను. 1946లో రాజ్యాంగ సభకు సభ్యురాలయ్యెను.

ఆ రాజ్యాంగపు 45వ అధికరణము పదునాలుగేండ్లవఱకు గల పిల్లలకెల్ల ఉచిత నిర్బంధ విద్య నొసగ పదేండ్లలోపల యత్నింపవలెనని రాజ్యమునకు విధించినది. ఆఱేండ్లలోపు శిశువుల సంరక్షణయు విద్యయు ప్రత్యేకముగా నందు చేరుటకు 2002 నాటి 86వ సవరణ రావలసివచ్చెను. అంతవఱకు వేచియుండక పనిచేసినవారిలో దుర్గాబాయి ముఖ్యురాలు. భావనగరమున గిజుభాయి 1920లోనే బాలమందిరమును నడిపెను. 1939లో మాంటిస్సోరి అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. అయినను, పట్టణములందు దాతల యాదరమున పెరిగిన యా విద్య పల్లెకూలివాని గుడిసెకు చేరుటకు సర్కారు సొమ్ము కావలెను గదా!

ప్రణాళికా సంఘ సభ్యురాలైన యామె 1953 ఆగస్టున ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి యధ్యక్షురాలయ్యెను. ఆ యేడు జనవరిలోనే నాటి ఆర్థికమంత్రి చింతామణి దేశముఖ్‌ను వివాహమాడియుండెను. మొదటి ప్రణాళికలో సాంఘిక సంక్షేమమునకు నాలుగు కోట్ల రూపాయలు కేటాయింపబడెను. 1954 నుండి ఇంచుమించు ఇరువదియైదేసి గ్రామములకొకటిగా సంక్షేమ విస్తరణ పథకములు వెలసెను. వానిలో ప్రసూతి సహాయము, స్త్రీలకు చేతిపనులు, పసివాండ్రకు బాలవాడి. ఆట, పాట, శుభ్రత, నలుగురిలో మాటాడుట – అచ్చటి చదువిదియే. దేశమంతటికిని నాలుగు కోట్లు చాలవనుట నిజము; శిక్షణగల సేవికలును చాలినంతమంది లేకుండిరి. కాని పసిబిడ్డ పేరు ప్రజాధనపు పద్దులోని కెక్కెను. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీలు 33 బ్లాకులలో ప్రారంభమగుట యామె జీవితకాలముననే జరిగెను. 1981 మే 9న ఆమె పరమపదించెను.

దీని ఫలమును గూర్చి అమెరికాలో మిషిగను రాష్ట్రమున, యిప్సిలాంటి యను నూర, 1962లో మొదలైన పరిశోధన యొకటి కలదు. 123 మంది పేదపిల్లలలో కొందఱికి మేలైన శిశువిద్య నొసగి, అందఱిని నలువదేండ్ల ప్రాయము వఱకు గమనించిరి. ఆ చదువు పొందినవారు సంపాదనయందు మిన్నగను, నేరములయందు తక్కువగను నుండిరి. అయితే అచ్చట ఒక్కొక్క యుపాధ్యాయురాలికి కొలదిమంది పిల్లలే. ముప్పదిమందిని ఒక గదిలో కూర్చుండబెట్టి గ్రుడ్డు పంచినంతమాత్రమున నట్టి ఫలము రాదు.

నా యనుభవమొకటి చెప్పెదను. నేను వెల్దుర్తి ప్రాంతమున పనిచేసిన తొలియేండ్లలో, మిరపకోతల కాలము వచ్చెనన్న మూడవ తరగతి బాలిక యొకతె తమ్ముని చంకనెత్తుకొని తలుపుకడ నిలిచి పాఠము వినెడిది. పిల్లవాడేడ్చిన వెంటనే వెడలిపోయెడిది. తల్లి కూలికి పోక తీరదు, నేనెవరిని దండింపగలను? ఆ వాడలో అంగన్‌వాడీ తెఱచిన యేడు బాలిక లోపలికి వచ్చి బల్లపై కూర్చుండెను. రెండేండ్లకు ఆ తమ్ముడును ఒకటవ తరగతికి వచ్చెను. తక్కిన పిల్లలు మొదటినాడు తల్లికొంగు విడువక యేడ్చుచుండ, వాడు పలక పట్టుకొని, అచ్చట నేర్చిన పాట నడుగకయే పాడెను.