కొలువులోను, కొలువు విడిచిన తరువాతను: కాటన్ దొరగారి జీవితము

చదువవలసిన భాగము: ఆదికాండము 26:12–25



ఇస్సాకు గెరారు లోయలో బావులు త్రవ్వించిన సంగతి మీరెరిగినదే. తండ్రి కాలమున త్రవ్విన బావులను ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చివేయగా, ఆయన వాటిని తిరిగి త్రవ్వించెను. క్రొత్త బావిలో జల పడగానే అచ్చటి కాపరులు వచ్చి తగవులాడిరి. ఇస్సాకు దానిని విడిచి మరియొకటి త్రవ్వించెను. దానికిని జగడమే వచ్చెను. ఆయన మరికొంత దూరము పోయి మూడవది త్రవ్వించెను.

ఈ భాగము చదివినప్పుడెల్ల మన గోదావరి సీమలో చిన్నపిల్లలు సైతము ఎరిగిన ఒక పేరు జ్ఞాపకమునకు వచ్చును. అది సర్ ఆర్థర్ కాటన్ దొరగారి పేరు. ధవళేశ్వరము ఆనకట్ట కథ మనవారికి క్రొత్త కాదు. కాని దొరతనమువారి కొలువు విడిచిన పిమ్మట ఆయన సుమారు నలువది ఏండ్లు బ్రదికెను. ఆ నలువది ఏండ్లును ఆయన చేసిన పని మనలో అనేకులు వినియుండరు.

ఆయన 1803వ సంవత్సరము మే 15న ఇంగ్లాండులో జన్మించెను. పదునొకండుగురు కుమారులలో పదవవాడు. అడిస్కూంబు సైనిక విద్యాలయములో చదివి, కుంఫిణీవారి మద్రాసు ఇంజనీర్ల దళములో చేరి, 1821లో ఈ దేశమునకు వచ్చెను. అప్పటికాయనకు పదునెనిమిదేండ్లు. బర్మా యుద్ధములో పనిచేసిన తరువాత 1828లో కావేరీ ప్రాంతపు నీటి పనులు ఆయన వశమాయెను. అచ్చట ప్రాచీన చోళరాజులు కట్టిన కల్లణై అను ఆనకట్టను ఆయన శ్రద్ధగా పరీక్షించెను. రాతి పునాది దొరకని ఇసుక నదిలోను కట్టడము నిలుచునని ఆయన దానివలననే నేర్చుకొనెను. ఈ విద్య మన పూర్వులదేయని ఒప్పుకొనుటకు ఆయన సిగ్గుపడలేదు. ఆ దినములలో దొరలందరును అట్లు ఒప్పుకొనినవారు కారు. 1836లో కొల్లిడముమీద కట్టడములు ఆరంభించి తంజావూరు సీమను నిలువబెట్టెను.

ఆ కాలమున మన సీమ ఎట్లుండెనో నేటి పచ్చని చేలు చూచినవారికి నమ్మశక్యము కాదు. 1832–33లో గొప్ప కరవు వచ్చెను. దానినే మన పెద్దలు నందన కరవు అనిరి. గుంటూరు ప్రాంతము సగము పాడుపడెను. 1839లో కోరంగి తీరమున ఉప్పెన వచ్చి జనులను, పశువులను, ఓడలను తుడిచివేసెను. రాజమహేంద్రవరపు జిల్లాలో 1821లో 7,38,000 మంది జనులుండగా, 1841నాటికి 5,61,000 మంది మాత్రమే మిగిలిరి. చచ్చినవారు చావగా తక్కినవారు బిడ్డలను తీసికొని వలసపోయిరి. ఇంత జరుగుచున్నను గోదావరి ఏటేట నిండుగా పారి సముద్రములో కలియుచునే యుండెను. కాటన్ దొరగారి మనస్సును పట్టుకొనినది ఈ సంగతియే. నది గట్టున మనుష్యులు నీరు లేక చచ్చుట దేవుని దోషము కాదు, పాలకుల అశ్రద్ధయే అని ఆయన నిశ్చయించుకొనెను.

1844లో ఆయన తన మొదటి నివేదిక వ్రాసెను. 1846లో లండనులోని డైరెక్టర్లు అనుమతి ఇచ్చిరి. 1847లో పని మొదలాయెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, నడుమ లంకలను కలుపుకొనుచు ఆనకట్ట సాగెను. ధవళేశ్వరపు కొండను పగులగొట్టి రాయి తెచ్చిరి. ఇసుకలో బావులు దింపి వాటిపై కట్టడము లేపిరి. వేలకొలది కూలీలు పనిచేసిరి. కూలీలను సమకూర్చుటలోను పని నడిపించుటలోను వీణెం వీరన్నగారు దొరగారికి కుడిభుజమై యుండెను. ఎండలో తిరిగి తిరిగి ఆరోగ్యము చెడి కాటన్ దొరగారు 1848లో ఆస్ట్రేలియాకు పోవలసివచ్చెను. ఆ రెండేండ్లు కెప్టెన్ ఓర్ దొర పని నడిపించెను. 1852లో ఆనకట్ట పూర్తియాయెను. గన్నవరము దగ్గర గోదావరి పాయమీదుగా కాలువను దాటించుటకు 49 ఖానాల అక్విడెక్టును హేగ్ దొర కట్టెను. దానివలన కోనసీమలోని నగరము లంకకు నీరు పోయెను.

మన సంఘముల చరిత్రయు ఈ రాళ్ల మధ్యనే పెరిగినది. 1836లో ఇంగ్లాండు విడిచి నరసాపురము వచ్చిన బౌడెన్ దొరగారును బీర్ దొరగారును గొప్ప చదువులు చదివినవారు కారు. ఒకరు రాతిపనివారు, ఒకరు చెప్పులు కుట్టువారు. ఆనకట్ట పనిలోనున్న కూలీలకు వారు సువార్త చెప్పిరి. భక్తిగల కాటన్ దొరగారు వారికి స్నేహితుడై యుండెను. తరువాతి కాలమున కాలువలలో పడవలు నడచినప్పుడు బోధకులు పడవలమీదనే ఊరూర తిరిగిరి.

ఇచ్చట ఒక మాట దాచకూడదు. కుంఫిణీవారు ఊరకే ధర్మము చేయలేదు. నీటితోపాటు శిస్తును పెరిగెను. ఆ లాభమును చూపియే కాటన్ దొరగారు వారిని ఒప్పించెను. తట్ట మోసినవారిలో అనేకులకు గజము భూమి లేదు. నీరు పారిన తరువాతను వారు పరుల పొలములోనే నాట్లు వేసిరి. అయినను కరవు వచ్చినప్పుడు మునుపటివలె ఊళ్లు ఖాళీ కాలేదు. పేదవానికి కూలియైనను దొరకెను, గంజియైనను దొరకెను.

1860లో ఆయన ఉద్యోగము విడిచి ఇంగ్లాండు చేరెను. 1861లో సర్ బిరుదు వచ్చెను. అంతటితో విశ్రమించియున్నచో మనుష్యుల పొగడ్త ఆయనకు కడవరకు ఉండెడిది. ఆయన విశ్రమించలేదు. ఇండియా దేశపు నదులన్నిటిని కట్టి, ఒకదానితో నొకటి కలిపి, పొలమునకు నీరును పడవకు దారియు ఇయ్యవలెనని వ్రాయుచు, సభలలో చెప్పుచు నుండెను. ఆ దినములలో ఇంగ్లాండులోని ధనవంతుల సొమ్మంతయు రైలు కంపెనీలలో నుండెను. దొరతనమువారు వాటికి నూటికి ఐదు వడ్డీ పూచీపడియుండిరి. అట్టి సమయమున రైలుకన్న కాలువ మేలని చెప్పువానిని ఎవరు ప్రేమించెదరు?

ఆయన ప్రతిపక్షులకు ఆయుధమును ఆయనే ఇచ్చెను. ఆయన అంచనాలు తరచుగా తక్కువగా ఉండెడివి, ఖర్చు హద్దు మీరెడిది. మాట కూడ కఠినమైనది. కర్నూలు–కడప కాలువను ఆయన ఆలోచన ననుసరించి ఒక కంపెనీ సుంకేశుల నుండి త్రవ్వించెను. నల్లరేగడిలో మెట్టపైరు వేసికొను అచ్చటి రైతులు నీటికి రాలేదు. కంపెనీ నష్టపడెను. 1882లో దొరతనమువారు దానిని కొనవలసివచ్చెను. డెల్టాలో ఫలించినది రేగడిలో అట్లే ఫలించునని ఆయన ఎంచుట తొందరపాటని నా అభిప్రాయము. అయితే ఆ కాలువ నేటికిని ఆ సీమలో పారుచున్నది.

1876–78లో దక్షిణదేశమున మహా కరవు వచ్చెను. దానినే ధాత కరవు అందురు. లక్షలకొలది జనులు నశించిరి. గోదావరి, కృష్ణా డెల్టాలు మాత్రము తాము తిని ఇతరులకును బియ్యము పంపినవి. కాటన్ దొరగారికి ఇంతకన్న సాక్ష్యము ఏమి కావలెను? పార్లమెంటు సభ్యుడైన జాన్ బ్రైట్ గారును, రోగుల సేవకు పేరుపొందిన ఫ్లారెన్స్ నైటింగేల్ గారును ఆయన పక్షమున నిలిచిరి. 1878లో కామన్సు సభవారు విచారణ సంఘము నేర్పరచిరి. లార్డ్ జార్జి హామిల్టన్ గారు దానికి అధ్యక్షుడు. డెబ్బదియైదేండ్ల వృద్ధుడు సంఘము ఎదుట కూర్చుండి ప్రశ్నవెంట ప్రశ్నకు ఉత్తరమిచ్చెను. సంఘము ఆయన గొప్ప కాలువల పథకమును అంగీకరింపలేదు.

మునుపు నది ఆయనకు లోబడెను. ఇప్పుడు సభ లోబడలేదు. ఇట్టి చోట అనేకుల విశ్వాసము చల్లారిపోవును. మన సంఘములలో బడికొరకో, శ్మశానము దారికొరకో, చేతిపంపుకొరకో ఏండ్ల తరబడి కచ్చేరీలకు అర్జీలు పెట్టిన పెద్దలకు ఈ బాధ తెలియును. కాటన్ దొరగారు సంఘమును దూషించుచు కూర్చుండలేదు. మరల వ్రాసెను. డార్కింగు అను ఊర తన ఇంటి తోటలో నేలను లోతుగా త్రవ్వించి, గోధుమ ఎంత విస్తారముగా పండింపవచ్చునో ముసలితనమున పరీక్షించుచుండెను. కుమార్తె ఎలిజబెత్తు అదే ఊర పనివారు సారాయి కొట్టుకు పోకుండ కాఫీ గది నడిపి, వారికి వాక్యము చెప్పుచుండెను. ఆమెయే తరువాత లేడీ హోప్ అనబడెను.

1899 జూలై 24న, తొంబదియారేండ్ల ప్రాయమున, ఆయన డార్కింగులో నిద్రించెను. ఆయన జీవితచరిత్రమును కుమార్తె 1900లో ప్రచురించెను. ఆ మరుసటి సంవత్సరము దొరతనమువారు ఇండియా నీటిపారుదల విచారణకు క్రొత్త కమీషను నియమించిరి. కరవునుండి జనులను కాపాడుటకు దేశమంతట నీటి పనులు విస్తరింపజేయవలెనని ఆ కమీషను 1903లో నివేదిక ఇచ్చెను. ధవళేశ్వరమున పాత ఆనకట్ట నూరేండ్లకు పైగా పనిచేసెను. దాని చోట క్రొత్త బ్యారేజి 1982నాటికి పూర్తియాయెను. దానికి ఆయన పేరే పెట్టిరి.