యంత్రవిద్య నేర్పితే ద్రోహమట!

ఓస్వాల్డ్ స్పెంగ్లర్ 1880లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో పుట్టాడు. హాంబర్గ్‌లో పంతులు ఉద్యోగం వదిలేసి 1911లో మ్యూనిక్ చేరాడు. తల్లి ఆస్తితో బతుకుతూ పాశ్చాత్య నాగరికత పతనంపై పుస్తకం రాశాడు. తొలి భాగం 1918లో, జర్మనీ యుద్ధంలో ఓడిన ఏడాదే వచ్చింది. పేరు మారుమోగింది.

మితవాదే అయినా యంత్రాలను వద్దనలేదు. కుర్రాళ్లు కవిత్వం మాని సాంకేతిక విద్య పట్టుకోవాలన్నాడు. 1931లో ‘మనిషి–సాంకేతికత’ పుస్తకంలో స్వరం మారింది. మనిషి తాను చేసిన యంత్రానికే బానిసవుతున్నాడని, అడవులు మాయమవుతున్నాయని రాశాడు. భారత్, తూర్పు ఆసియాల్లో పుట్టుకొస్తున్న ఫ్యాక్టరీలు తక్కువ కూలీతో తమను ముంచేస్తాయని భయపడ్డాడు. వాళ్లకు ఆ విద్య నేర్పడమే ద్రోహమట!

1932లో హిట్లర్‌కే ఓటేశాడు. మరుసటేడు కలిశాక పెదవి విరిచాడు. నాజీల జాతివాదాన్ని ఒప్పుకోలేదు. 1936లో కన్నుమూశాడు. అడవుల మీద బెంగ నిజమైంది. విద్యను దాచుకోవాలన్న ఆశే చెల్లలేదు.