ఫ్రాంక్లిన్‌ డబ్బాలు నేర్పే పాఠం

నిల్వ ఆహారం కొనేటప్పుడు గడువు తేదీ చూస్తారు కదా! మరి డబ్బాను తిప్పి చూస్తున్నారా? సర్‌ జాన్‌ ఫ్రాంక్లిన్‌ కథ తెలిస్తే తప్పక చూస్తారు.

ఆయన 1786లో ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో పుట్టారు. చిన్నప్పుడే నౌకాదళంలో చేరి, 1805లో ట్రఫాల్గర్‌ యుద్ధంలో పాల్గొన్నారు. 1819లో కెనడా ఉత్తర తీరాన్ని శోధించడానికి వెళ్లారు. ఆ యాత్రలో తిండి అయిపోయి, బూట్ల తోలు కూడా తినాల్సి వచ్చింది. బృందంలో సగం మందికి పైగా చనిపోయారు.

1845 మేలో, 59 ఏళ్ల వయసులో, ఆర్కిటిక్‌ మీదుగా ఆసియాకు దారి వెతుకుతూ మళ్లీ బయల్దేరారు. ఈసారి రెండు ఓడల్లో మూడేళ్ల సరుకు ఉంది. అందులో మాంసం, సూప్‌, కూరగాయలు నింపిన డబ్బాలే దాదాపు 8,000.

అవి తగరం పూత పూసిన ఇనుప రేకు డబ్బాలు. అతుకులకు సీసం కలిసిన టంకం వాడారు. ఆర్డరు ఆలస్యం కావడంతో పని హడావుడిగా సాగింది. తర్వాత దొరికిన డబ్బాల్లో టంకం లోపలికీ కారి ఉంది. అలాంటి చోట ఆహారం నెలల తరబడి తగులుతూ ఉంటే సీసం కొద్దికొద్దిగా అందులోకి దిగుతుంది. వాసనా తెలియదు, రుచీ తెలియదు. ఒంట్లో చేరితే మాత్రం ఎముకల్లో పేరుకుపోతుంది. రక్తాన్నీ, నరాలనూ దెబ్బతీస్తుంది.

ఓడలు మంచులో చిక్కుకున్నాయి. 1847 జూన్‌ 11న ఫ్రాంక్లిన్‌ మరణించారు. ఆయనతో కలిపి 129 మందిలో ఒక్కరూ ఇల్లు చేరలేదు. 1980ల్లో మంచు కింద నుంచి వెలికితీసిన ముగ్గురు నావికుల దేహాల్లో సీసం బాగా ఎక్కువగా కనిపించింది. అయితే ఆ కాలంలో నీటి గొట్టాల వంటి వాటి నుంచీ సీసం ఒంట్లో చేరేది. చలి, ఆకలి, జబ్బులూ తోడయ్యాయి. అందుకే డబ్బాలే కారణమని పరిశోధకులు తేల్చి చెప్పడం లేదు. అయినా ఆహారం పక్కన సీసానికి చోటు లేదు. అమెరికా 1995లో సీసం టంకం డబ్బాలను నిషేధించింది.

ఇప్పటి డబ్బాల్లో చాలావాటికి లోపల రక్షణ పూత ఉంటుంది. గట్టిగా సొట్ట పడితే అది పగులుతుంది, రేకు తుప్పు పడుతుంది. సూది బెజ్జమంత రంధ్రం పడినా సూక్ష్మజీవులు చొరబడతాయి. అందుకే...

* అతుకు దగ్గర సొట్ట పడిన, తుప్పు పట్టిన డబ్బాలు కొనొద్దు.
* ఉబ్బిన డబ్బాలోది రుచి కూడా చూడొద్దు. ప్రాణాంతకమైన బొట్యులిజం రావచ్చు.
* తెరిచాక మిగిలింది గాజు లేదా స్టీలు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి.
* కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాచొద్దు. కళాయి వేయించేటప్పుడు సీసం కలపని తగరమే వాడమనండి.