యానాము – చెళ్లపిళ్ల వారి వ్యాకరణదీక్ష

తిరుపతి వేంకటకవులలో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారు 1870వ సంవత్సరము ఆగస్టు 8వ తేదీన గోదావరి మండలములోని కడియమున జన్మించిరి. తండ్రి కామయ్యగారు, తల్లి చంద్రమ్మగారు. యామినీపూర్ణతిలకావిలాసమును రచించిన నరసకవి వీరి పూర్వులు. ఆ యింటి గ్రంథసంచయము వంశక్రమమున వీరికి సంక్రమించినది. అయినను కవిగా వీరికి తొలి దెబ్బ తగిలినది కడియమున గాదు, యానాములో.

యానాము గౌతమీతీరమున, సాగరమునకు చేరువనున్న చిన్న పట్టణము. నాడది ఫ్రెంచివారి యేలుబడిలోనిది. పొలిమేర దాటినంతనే నీలపల్లి, అది ఇంగ్లీషువారిది. కచేరీలో ఫ్రెంచి, వీథిలో తెలుగు, పండితుల అరుగులమీద సంస్కృతము. వేంకటేశ్వరాలయము, ఫ్రెంచి పాదరీల చర్చి, మసీదు ఆ కొద్ది నేలమీదనే యున్నవి. బెస్తలు, నేతగాండ్రు, వర్తకులు మంగళవారపు సంతలో కలిసికొనెడివారు. (1929లో శారదా చట్టము వచ్చిన పిమ్మట బాల్యవివాహములకై ఇంగ్లీషు సీమనుండి జనులు తరలివచ్చుటచే ఈ యూరికి కల్యాణపురమను పేరు కూడ కలిగినది, అది తరువాతి మాట.) పరరాజ్యమైనను అచ్చట శాస్త్రచర్చకు లోపము లేదు. చిన్న యూరగుటచే పద్యము చెప్పినవాడు ఎవరికంటను పడక తప్పించుకొనుటకు వీలును లేదు.

పదునెనిమిదేండ్ల ప్రాయమున వేంకటశాస్త్రిగారు యానాము వేంకటేశ్వరునిపై శతకము చెప్పిరి. అచ్చటి పండితులు అందు వ్యాకరణదోషమును పట్టిరి. ధార గల యువకవికి ఇట్టి సమయమున రెండు దారులుండును: తప్పు పట్టినవారిని నిందించుట యొకటి, శాస్త్రమును ఆశ్రయించుట రెండవది. అవమానము తీవ్రముగనే తగిలినను ఆయన రెండవ దారినే పట్టిరి. కాశికేగి వ్యాకరణము చదువవలెనని సంకల్పించిరి. కాని యింట ధనము లేదు.

కడియెద్దలో చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారి సన్నిధిని శాస్త్రాధ్యయనము సాగించిరి. దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు అచ్చటనే సహాధ్యాయులైరి. జంటకవిత్వమునకు బీజము పడినది గురుకులమునందే గాని సభయందు గాదు. పిమ్మట వేంకటశాస్త్రిగారు నిడమఱ్ఱులో అష్టావధానము చేసి, లభించిన ధనముతో కాశీయాత్ర సాగించిరి. వారి మీసముల కథను చెప్పుకొనువారు పెక్కుమంది. అవధానము తొలుత వ్యాకరణాధ్యయనమునకు దారిబత్తెమైనదని తలచువారు అరుదు. తిరిగి వచ్చిన పిదప ఉభయులు కాకినాడలో శతావధానము చేసిరి. అటుపై ఆంధ్రదేశమున సంస్థానములన్నియు వారికి రంగస్థలములే. ధాతురత్నాకర చంపువు మొదలుకొని పాండవోద్యోగ విజయముల వఱకు వారి కృతులు సుప్రసిద్ధములు.

వేంకటశాస్త్రిగారికి ఉద్యోగము కూడ సముద్రపుటొడ్డుననే లభించినది. ఒకప్పుడు డచ్చి, ఫ్రెంచి, ఇంగ్లీషు వర్తకులు పోటీపడిన బందరులో, హిందూ హైస్కూలున వారు తెలుగు పండితులైరి. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతము, కాటూరి వేంకటేశ్వరరావుగార్లు వారి శిష్యులు. తప్పు పట్టబడుట యెట్లుండునో స్వయముగ నెరిగిన గురువునొద్ద వీరు చదివిరి. శిష్యుల మార్గములు భిన్నములైనను ఆ గురువు వాటిని తన మార్గమునకు మరల్పబూనలేదు. ఇది పాండిత్యముకన్న అరుదైన గుణము.

1920లో తిరుపతిశాస్త్రిగారు గతించిరి. పిదపను వేంకటశాస్త్రిగారు తమ రచనలను ఇరువురి పేరనే వెలువరించిరి. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయము వారిని కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించినది. 1949లో మద్రాసు ప్రభుత్వము ఆస్థానకవిగా నియమించినది. 1950 ఫిబ్రవరి 15న వారు పరమపదించునాటికి యానాములో ఇంకను ఫ్రెంచి పతాకమే యెగురుచుండెను. అది దిగినది 1954లో.